రెండు రాష్ట్రాల జలపాతం: ప్రాచ్య కళాశాలలో ఒక పరిశోధన పాఠం

పరిశోధన, గవేషణ అనే మాటలను పర్యాయపదాలుగా వాడటం పరిపాటి. కాని రెండింటి మూలార్థాలు వేరు. మొదటిది శుద్ధి చేయడం: ఉన్నదానిలోని మాలిన్యాన్ని తొలగించడం. రెండవది తప్పిపోయిన గోవును వెదకడం: లేనిదాని జాడ తీయడం. ప్రాచ్య కళాశాలలలో మొదటిదానికి కొంత శిక్షణ ఉన్నది. పాఠాంతరాలు చూపడం, అపశబ్దాన్ని సవరించడం, వ్యాఖ్యాన భేదాలను తూచడం విద్యార్థికి ఎంతో కొంత అలవడుతుంది. రెండవదానికి మాత్రం తరగతి గది చాలదు. అందువల్లనే విద్యార్థుల వ్యాసాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి. కవి జీవితం, కాలం, కృతులు, వర్ణనలు, అలంకారాలు, ఉపసంహారం అని ఆరు అధ్యాయాలు. ఒకరు రాసినది మరొకరు, వారు రాసినది ఇంకొకరు ఎత్తిరాయగా గోవు తప్పిపోయిన సంగతి కూడ ఎవరికీ తెలియకుండా పోతుంది.

నందివాడలో పుట్టి, కృష్ణా డెల్టాలోని ఒక ప్రాచ్య కళాశాలలో చాలాకాలం పనిచేసిన ఒక ఉపాధ్యాయుడు ఈ లోపానికి తనకు తోచిన మందు ఒకటి వేసి చూశాడు. భాషాప్రవీణ తుది సంవత్సరపు విద్యార్థులకు కావ్యం కాక ఒక జలపాతాన్ని పరిశోధనాంశంగా ఇచ్చాడు. అది ఆంధ్రప్రదేశ్, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ నదిపై ఉన్న డుడుమ. విద్యార్థులలో అంతకు ముందు జలపాతాన్ని చూసినవారు లేరు. డెల్టా బిడ్డలకు నీరు పారుతుంది, నిలుస్తుంది, ఎగదన్నుతుంది. పై నుంచి దూకడం వారు ఎరుగరు. ఎరుగనిది కనుకనే ఆయన దానిని ఎన్నుకున్నాడు. తెలిసిన విషయమైతే విద్యార్థి తెలిసినట్లే రాస్తాడు.

వంతు నీటి నుంచి జలపాతానికి

అయినా ఆయన పాఠాన్ని డుడుమతో ప్రారంభించలేదు, ఊరి బోదెతో ప్రారంభించాడు. ఎగువ రైతు గండి పెట్టుకుంటే దిగువ రైతుకు నీరందదు. దిగువవాడు అడ్డుకట్ట వేస్తే మురుగు ఎగువ చేలలోకి తన్నుతుంది. లాకుల దగ్గర లస్కరు మాట ఎందుకు చెల్లుతుందో, వంతు తప్పితే పెద్దమనుషులు ఏ సాక్ష్యం అడుగుతారో ప్రతి విద్యార్థికి ఇంట్లోనే తెలుసు. 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ ప్రాంతపు జీవితమంతా నీటి పంపకమే.

అక్కడినుంచి ఆయన కొల్లేటికి వెళ్ళాడు. బుడమేరు నందివాడ పొలాల పక్కగా సాగి కొల్లేటిలో కలుస్తుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రం చేరుతుంది. ఆ సరస్సు చిరకాలం కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల ఉమ్మడి సొత్తు. 2022లో జిల్లాలు మారినప్పుడు కైకలూరు, మండవల్లి ఏలూరు జిల్లాకు వెళ్ళాయి. నందివాడ కృష్ణాలోనే మిగిలింది. సరస్సు కదలలేదు, రికార్డులు కదిలాయి. ఒకే తూముకు సంబంధించిన కాగితాల కోసం ఇప్పుడు ఏ కార్యాలయానికి వెళ్ళాలి అన్న ప్రశ్నతో విద్యార్థులకు సరిహద్దు అంటే ఏమిటో సగం బోధపడింది.

ప్రపంచంలో ఇట్టి ఉమ్మడి జలపాతాలు మూడు ప్రసిద్ధమైనవి. వాటిని ఆయన ఒక్క గంటలో ముగించాడు. అమెరికా, కెనడాల నడుమ ఉన్న నయాగరా విషయంలో 1950 నాటి ఒప్పందం జలపాతానికే ఒక వాటా కేటాయించింది: సందర్శకులు వచ్చే కాలంలో పగటివేళ లక్ష క్యూసెక్కులకు, తక్కిన వేళల్లో ఏభైవేల క్యూసెక్కులకు తగ్గకుండ నీటిని వదలాలి, మిగిలినది విద్యుత్తుకు. ఇగ్వాసు జలపాతాన్ని అర్జెంటీనా 1984లో, బ్రెజిల్ 1986లో ప్రపంచ వారసత్వపు పట్టికలో వేరువేరుగా చేర్పించుకున్నాయి. జాంబియా, జింబాబ్వేలు తమ జలపాతాన్ని 1989లో కలిసి చేర్పించాయి. ఆ జలపాతాన్ని లివింగ్‌స్టన్ 1855లో చూసి విక్టోరియా రాణి పేరు పెట్టాడు. అక్కడివారు అంతకు ముందే దానిని ‘ఉరిమే పొగ’ అని పిలిచేవారు. పంచుకోవడం, విడివిడిగా ఉంచుకోవడం, కలిసి కాపాడుకోవడం అనే మూడు పద్ధతులనూ, పేరు ఎవరు పెట్టారనే నాలుగవ ప్రశ్ననూ బల్ల మీద రాసి ఆయన డుడుమకు వచ్చాడు.

‘మన’ అనే మాట

మొదటి రోజున ఒక విద్యార్థి అడిగిన మొదటి ప్రశ్న ఇది: “మాస్టారూ, ఇందులో మన వాటా ఎంతండీ?”

“వాటా తరువాత చూద్దాం. ముందు ‘మన’కు అర్థం రాయండి” అన్నాడాయన.

సంస్కృతంలో ‘వయమ్’ ఒక్కటే. తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. వింటున్నవానిని కలుపుకుంటే మనం, విడిచిపెడితే మేము. విద్యార్థి వాక్యంలో వింటున్నది మరొక ఆంధ్రుడు కనుక ‘మన’ సరిపోయింది. జయపురం వాడు ఎదుట కూర్చుని ఉంటే అదే వాక్యంలో ‘మా’ అనవలసి వచ్చేది. డుడుమ ఒడ్డున గదబవాడు ఎదుటపడితే ఏమనాలి? ఆ ప్రశ్నకు ఆనాడు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయనా చెప్పలేదు.

వాటా లెక్క తేలికగానే దొరికింది. జలపాతానికి ఎగువన నదిని మళ్ళించి, లోయలోని విద్యుత్కేంద్రానికి దింపే పథకంపై మదరాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1940లలో ఒప్పందానికి వచ్చాయి. 1953లో మదరాసు హక్కు ఆంధ్ర రాష్ట్రానికి సంక్రమించింది. 1955లో విద్యుదుత్పత్తి ఆరంభమైంది. మొదట మదరాసుకు నూటికి 70, ఒరిస్సాకు 30 వంతులు; తరువాతి కాలంలో సమభాగాల పద్ధతి వచ్చింది. నీటి నిల్వకు ఎగువన జలాపుట్ జలాశయం ఉన్నది. దాని సామర్థ్యం సుమారు 34 టి.ఎం.సి.లు. నయాగరాకువలె జలపాతానికంటూ విడిగా ఉంచిన వాటా ఏదీ విద్యార్థులు చదివిన కాగితాలలో కనబడలేదు.

లెక్కలలోనే మొదటి శిక్షణ దొరికింది. జలపాతం ఎత్తు ఒకచోట 157 మీటర్లు, మరొకచోట 175 మీటర్లు. కేంద్రపు సామర్థ్యం ఒకచోట 114.75 మెగావాట్లు, మరొకచోట 120. విద్యార్థులు అలవాటు చొప్పున ఒకదానిని ‘సాధువు’గా, రెండవదానిని ‘అపపాఠం’గా తేల్చివేయబోయారు. ఉపాధ్యాయుడు యంత్రాల లెక్క వేయించాడు. మొత్తం ఆరు యంత్రాలు. మొదటి మూడింటిని రెండు పట్టికలూ 17 మెగావాట్ల చొప్పుననే చూపుతున్నాయి. భేదమంతా తక్కిన మూడింటిలో ఉన్నది. ఒకరు వాటిని 21.25 అన్నారు, మరొకరు 23 అన్నారు. భేదం ఎక్కడ పుట్టిందో తెలియడమే సగం పరిష్కారం. తాళపత్రప్రతులలో శాఖాభేదాన్ని గుర్తించే పద్ధతి ఇదే. ఎత్తు విషయంలో మాత్రం, కొలిచినవారు ఏ బిందువునుంచి ఏ బిందువు వరకు కొలిచారో చెప్పని సంఖ్య రెండింటిలో ఏదైనా సరే, కర్త పేరులేని పద్యంవంటిదే అని ఆయన రాయించాడు.

ఒక నది, నాలుగు పేర్లు

మాడుగుల కొండలలో పుట్టిన ఈ నదిని ఎగువన తెలుగువారు మత్స్యగెడ్డ అంటారు. సరిహద్దున అది మాచ్‌ఖండ్; దిగువన సీలేరు; ఆపై శబరిలో కలిసి, ఆ పేరుతో కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది. పాడేరు ప్రాంతంలో మత్స్యగుండం అనే తీర్థం ఉన్నది. అక్కడి చేపలను పట్టరు. ఇక వడ్డాదిని ఏలిన మత్స్యవంశపు రాజులు ఉన్నారు. దిబ్బిడ తామ్రశాసనం అర్జునుడనే మత్స్యరాజు కాలంనాటిది. శకవర్షం 1191, అనగా క్రీ.శ. 1269. ఆ శాసనం వంశోత్పత్తిని మీనంతో ముడిపెట్టి, ఉత్కళ ప్రభువు తన కుమార్తెను ఆ వంశకర్తకు ఇచ్చి ఒడ్డవాదికి అధిపతిని చేశాడని చెబుతుంది.

ఇంత దొరికేసరికి విద్యార్థుల ఉత్సాహానికి కట్టలు తెగాయి. నది మత్స్య, తీర్థం మత్స్య, రాజవంశం మత్స్య. మహాభారతంలోని విరాటుని మత్స్యదేశం ఇదేనని ఒకరు తీర్మానించారు. పైగా పక్కనే జయపురం ఉన్నదాయె! ఉపాధ్యాయుడు ఖండించలేదు. భారతదేశపు పటం తెరిపించాడు. పండితులు విరాటుని మత్స్యదేశంగా గుర్తించిన ప్రాంతం రాజస్థాన్‌లోని బైరాట్ పరిసరం. అది ఉన్నది అక్కడి జయపూరు వైపున. రెండు చోట్లా మత్స్యం, రెండు చోట్లా జయపురం. రెండింటికీ నడుమ వందల క్రోసుల దూరం. నామసామ్యం అనుమానానికి ద్వారం తెరుస్తుందే కాని అదే హేతువు కాదు. పొగ కనబడగానే నిప్పు అన్నవాడు, అది పొగో మంచో ముందుగా చూసుకోవాలి. స్థానిక భాషలలోని ఏదో పేరును సంస్కృతీకరించగా మత్స్యం అయి ఉండవచ్చు. మత్స్యం నుంచే స్థానిక రూపం వచ్చి ఉండవచ్చు. ఈ కొండలలో గదబ, దిదాయి వంటి ముండా కుటుంబపు భాషలు, కొండ వంటి ద్రావిడ భాషలు, దేశీయ ఒడియా పక్కపక్కన బ్రతుకుతున్నాయి. ఆ నిఘంటువులు తిరగవేయకుండ తీర్పు చెప్పడం తగదు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు ఎందుకు కూర్చాడో విద్యార్థులకు అప్పుడు బోధపడింది. వ్యావహారిక భాషావాదిగానే ఎరిగిన పేరు వారికి మరొక రూపంలో కనబడింది.

పత్రాలకు రెండు ఊళ్ళు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు జయపురం సంస్థానం మదరాసు రాజధానిలోని విశాఖపట్టణ జిల్లాలో భాగం. కనుక 1907 నాటి విశాఖపట్టణ జిల్లా గెజిటీరుకు ఈ సరిహద్దు తెలియదు. అంతకు ముందరి కాగితాలు ఒకచోట, తరువాతివి రెండు మూడు చోట్ల. ఒక రాష్ట్రపు పత్రాలను మాత్రమే చదివి రాసిన చరిత్ర ఒక వ్యాఖ్యానాన్ని చూసి మూలాన్ని నిర్ణయించినట్లు ఉంటుంది. జయపురాధీశుడు విక్రమదేవవర్మ ఒడియాలోను తెలుగులోను కవి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పరచినవాడు. ఆయన సంస్థానం ఒరిస్సాలో చేరింది, ఆయన పోషించిన విద్యాపీఠం విశాఖలో నిలిచింది. ఆయనను ఎవరి సాహిత్య చరిత్రలో చేర్చాలి? రెండింటిలోను చేర్చకపోతే రెండూ అసమగ్రమే.

ఈ ఘట్టంలో ఉపాధ్యాయుడు తరగతిని రెండు పక్షాలు చేశాడు. ఒకరు ఆంధ్రపక్షం, మరొకరు ఒడిశాపక్షం. నెల గడిచి వాదం వేడెక్కిన రోజున పక్షాలు మార్చుకోమన్నాడు. నిన్నటి వరకు తాము ఖండించిన వాదాన్ని తామే సమర్థించవలసి వచ్చింది. న్యాయశాస్త్రంలో వాదం, జల్పం, వితండ అని మూడు కథలు. తత్త్వం తెలియడానికి వాదం. గెలుపు కోసం జల్పం. స్వపక్షస్థాపన లేని ఖండనం వితండ. ఈ నిర్వచనాలను పరీక్ష కోసం వల్లెవేసినవారికి, జల్పం నుంచి వాదానికి దిగడం ఎంత కష్టమో ఆ వారంలో అనుభవానికి వచ్చింది. ఒప్పందాన్ని చదవడానికి ఆయన మీమాంసకుల తాత్పర్యలింగాలను వాడించాడు. ఉపక్రమోపసంహారాలు ఏమి చెబుతున్నవి? ఏ మాట అభ్యాసం పొందింది? ఫలం ఎవరికి? అర్థవాదం ఎక్కడ ముగిసి విధి ఎక్కడ మొదలైంది? వేదవాక్యానికి ఏర్పడిన పనిముట్లు ప్రభుత్వ పత్రాన్ని కూడ విప్పగలవని చూసి విద్యార్థులు తమ చదువును కొత్తగా గౌరవించుకున్నారు.

జలాపుట్ ఒడ్డున

ప్రత్యక్ష ప్రమాణం మిగిలింది. డిసెంబరులో పన్నెండుమంది విద్యార్థులు అరకు, ముంచంగిపుట్టు మీదుగా బయలుదేరారు. వానకాలం గడిచిన తరువాతి డుడుమ వారిని కొంత నిరాశపరచింది. నీటిలో చాలా భాగం గొట్టాలలోకి మళ్ళినందువల్ల కొండ ముఖమే ఎక్కువగా కనబడింది. ‘పాలధార’, ‘ముత్యాలసరాలు’ అని ఇంటి దగ్గరే వర్ణన రాసుకువచ్చిన విద్యార్థి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వారు నలభై ప్రశ్నల పట్టిక తయారుచేసుకుని వెళ్ళారు. మొదటి గంటలోనే అది పనికిరాదని తేలింది. ప్రశ్నలు పుస్తకపు తెలుగులో ఉన్నాయి. ఎదుటివారిది దేశీయ ఒడియా. కాగితం చూడగానే పల్లెవారు ఏదో సర్వే అనుకుని ముక్తసరిగా తలాడించారు. బృందంలో నందివాడ మండలపు విద్యార్థిని ఒకామె ఉన్నది. చేపల చెరువులవారి ఇంటి పిల్ల. జలాపుట్ ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న ఒక వృద్ధుని దగ్గర ఆమె ఆగింది. పట్టిక తీయలేదు. వల కన్ను పరిమాణం చూసి, ఇంత పెద్ద కన్నుతో శీలావతి పడుతుందా, బొచ్చె పడుతుందా అని అడిగింది. ఆయనకు తెలుగు కొంత వచ్చు. వల సంగతి చేపల సంగతికి, చేపల సంగతి నీటి లోతుకు, లోతు సంగతి అడుగున ఉన్నదానికి దారి తీసింది. వల ఎక్కడ చిక్కుకుంటుందో చెబుతూ ఆయన ఊళ్ళ పేర్లు చెప్పాడు. అక్కడ మొద్దులున్నాయి, అది ఫలానా ఊరి చింతతోపు. ఇక్కడ రాళ్ళున్నాయి, అది ఫలానా ఊరి సదరు. ఆయన పుట్టేనాటికే అవి నీట మునిగినవి. తండ్రి చెప్పగా ఎరిగినవి.

తొమ్మిది పేర్లు ఆమె తన పుస్తకంలో రాసుకున్నది, విన్నది విన్నట్లు, సవరించకుండ. తిరిగి వచ్చిన తరువాత తరగతి అంతా తాము సేకరించిన పత్రాలలో ఆ పేర్లకోసం వెదికింది. మెగావాట్లు ఉన్నాయి, టి.ఎం.సి.లు ఉన్నాయి, వాటాలు ఉన్నాయి. జలాశయం కోసం వేలకొలది ప్రజలు, అందులో ఎక్కువమంది గిరిజనులు, ఊళ్ళు విడిచిపోయిన సంగతి ప్రసిద్ధమే. ఊళ్ళ పేర్లు మాత్రం ఏ పక్షపు కాగితంలోను కనబడలేదు. నెల్లాళ్ళు ఆంధ్రపక్షం, ఒడిశాపక్షం వాదించినవారికి, ఆ ముసలివాని పక్షం తమకు తోచనేలేదని అప్పుడు తెలిసింది.

భాట్టమీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరిస్తారు. కాని కనబడకపోవడమంతా ప్రమాణం కాదు. ఉంటే కనబడవలసిన చోట కనబడకపోవడమే ప్రమాణం, అది యోగ్యానుపలబ్ధి. విద్యుత్తు పంపకపు పత్రంలో ఊళ్ళ పేర్లు లేకపోతే దానివల్ల తేలేది ఏమీ లేదు. ముంపు నేలను వర్ణించే పత్రంలో లేకపోతే ఆ లేమియే మాట్లాడుతుంది. ఏ పత్రం ఏ తరగతికి చెందినదో విడదీయడానికి విద్యార్థులకు మరి మూడు వారాలు పట్టింది. తరువాత వారు 1936కు పూర్వపు గ్రామ పట్టికలను వెదికారు. తొమ్మిదింటిలో నాలుగు పేర్లకు దగ్గరి రూపాలు దొరికాయి. రెండు సందిగ్ధం. మూడు దొరకలేదు.

వ్యాసం చివర ఆ తొమ్మిది పేర్లనూ ఒక పట్టికగా ఇచ్చారు. ప్రతి పేరు ఎదుట ‘శ్రుతం’, ‘లిఖితం’, ‘ఉభయం’ అని ప్రమాణాన్ని సూచించారు. దొరకని మూడింటిని తొలగిస్తే పట్టిక శుద్ధంగా ఉంటుందని ఒక విద్యార్థి సూచించాడు. శుద్ధి చేయడం పరిశోధనే. కాని ఆ మూడింటిని తొలగిస్తే గవేషణకు మిగిలేది లేదు. “కట్టుకొయ్య ఖాళీగా ఉన్నదని కొయ్యనే పీకేస్తే, రేపు ఆవు వచ్చినా ఎక్కడ కట్టాలో తెలియదు” అన్నాడు ఉపాధ్యాయుడు. ఆ మూడు పేర్లూ పట్టికలోనే ఉండిపోయాయి.

డెల్టాకు తిరిగి

ఇటువంటి పాఠానికి కావలసిన సాధనసంపత్తి ప్రాచ్య కళాశాలలకు లేదని ఒక ఆక్షేపం వినవస్తుంది. ప్రయాణపు ఖర్చు నిజమే. తక్కినదంతా ఉన్నది. ప్రమాణచర్చ ఉన్నది, పాఠపరిష్కరణ ఉన్నది, తాత్పర్యనిర్ణయ పద్ధతి ఉన్నది. దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో 1888లో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలోను, తరువాత తిరుపతిలోను చేసిన పని ఈ చదువు పునాదిగానే సాగింది. తాళపత్రాన్ని, శాసనాన్ని, జనం నోటి చాటువును ఒకే శ్రద్ధతో సేకరించినవాడాయన. శాస్త్రాన్ని పరీక్షకు మాత్రమే దాచుకుని, పరిశోధన వచ్చేసరికి దానిని గదిలో పెట్టి తాళం వేయడమే ఇప్పటి లోపం.

ఈ విద్యార్థులలో చాలామంది పల్లె బడులలో తెలుగు ఉపాధ్యాయులవుతారు. వారు జలపాతాల జోలికి మరల పోకపోవచ్చు. పోనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నందివాడ మండలపు పల్లెలను ముంచింది. నీరు తీసిన తరువాత గోడల మీద చార మిగిలింది. ఏ ఊరిలో ఏ గోడపై ఎంత ఎత్తున నీరు నిలిచిందో, ఎన్ని రోజులు నిలిచిందో, ఏ గండి నుంచి వచ్చిందని ఎవరు చెప్పారో రాసిపెట్టుకోవడానికి ఒక మూరబద్ద, ఒక నోటుపుస్తకం చాలు. ఎగువవారు ఒకటి చెబుతారు, దిగువవారు మరొకటి చెబుతారు, రెండూ రాయాలి. మాట చెప్పకుండ చావిట్లో మౌనంగా కూర్చున్న కౌలురైతును అడిగి మూడవదీ రాయాలి. గోడమీది చార ఎంతోకాలం ఉండదు. సంక్రాంతికి ప్రతి ఇంటివారూ సున్నం వేసుకుంటారు.